కాలేజీ పేరు డ్రాప్‌డౌన్‌లో లేదు. ఈ మచ్చ ఎన్నేళ్లకి పోతుంది?

పల్నాటి_పిల్లోడు (రాత్రి 8:40)
ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్. జావా, స్ప్రింగ్ బూట్, ఈమధ్య కాస్త క్లౌడ్. నిన్న ఒక ప్రోడక్ట్ కంపెనీ పోర్టల్‌లో అప్లై చేస్తున్నా. పేరు, ఫోను, రెజ్యూమె అన్నీ ఎక్కించాక "మీ కాలేజీ ఎంచుకోండి" అని ఒక గడి వచ్చింది. మొదటి మూడక్షరాలు కొట్టా, రాలేదు. పూర్తి పేరు కొట్టా, అయినా రాలేదు. యూనివర్సిటీ పేరు కొడితే మెయిన్ క్యాంపస్ ఒక్కటే చూపిస్తోంది. అది పెడితే అబద్ధం. లిస్టులో అట్టడుగున "ఇతర" అని కనబడితే అది నొక్కా. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి రిజెక్ట్ మెయిల్ వచ్చి కూర్చుంది.

మాది ఊరి బయట, పత్తి చేల మధ్య ఉన్న అఫిలియేటెడ్ కాలేజీ. ఈసీఈ, 2020 బ్యాచ్. ల్యాబులో ఓసిల్లోస్కోపులు నాలుగుంటే పనిచేసేది ఒకటి. రికార్డులు సీనియర్లవి చూసి రాశాం. నా పని చూసిన ఏ మేనేజరూ నన్ను తీసిపారెయ్యలేదు. కానీ పని చూపించేదాకా ఎవడు రానిస్తున్నాడు?

ఇంతకీ ఇప్పుడెందుకు గోల అంటే, రేపు రాత్రితో చెల్లి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా పెట్టడం) ముగుస్తాయి. ర్యాంకు ఇక్కడ చెప్తే చంపేస్తుంది. నిరుటి కటాఫ్‌లు చూస్తే కాకినాడ యూనివర్సిటీ కాలేజీలో సివిల్ రావచ్చు. లేదంటే విజయవాడ చుట్టుపక్కల ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) ఏఐ అండ్ ఎంఎల్. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. "నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పు" అని ఫోను పెట్టేశాడు. పేరు చూడాలా, బ్రాంచి చూడాలా?

బ్యాక్‌బెంచి_బాబు (8:47)
"ఇతర" బ్యాచ్‌కి ఒక వాట్సాప్ గ్రూపు పెడదాం అన్నా. దేశంలో అదే పెద్ద యూనివర్సిటీ.

మోడరేటర్ (8:49)
కాలేజీల పేర్లు పెట్టి తిట్టుకోవద్దు. పోయినేడు ఇలాంటి చర్చకే లీగల్ నోటీసు వచ్చింది. "ఒక కాలేజీ" అంటే చాలు, ఎవరికి తెలియాలో వాళ్లకి తెలుస్తుంది.

కోడ్_కోనసీమ (8:53)
బ్రాంచే. కళ్లు మూసుకుని సీఎస్‌ఈ పెట్టించు. మా బావమరిది యూనివర్సిటీ క్యాంపస్‌లో మెకానికల్ చదివి, చివరికి అమీర్‌పేటలో కోర్సు చేసి టెస్టింగ్‌లో చేరాడు. ఆ నాలుగేళ్లూ సీఎస్‌ఈలోనే ఏడిస్తే ఆ కోర్సు డబ్బులైనా మిగిలేవి.

సివిల్_సీతయ్య (9:02)
సివిల్ అనగానే అందరూ ముక్కు చిట్లిస్తారు. కాకినాడ కాలేజీ 1946 నాటిది, మొదట విశాఖలో పెట్టి తర్వాత ఇక్కడికి తెచ్చారు. నేను పనిచేసిన ఇరిగేషన్ డివిజన్లలో ఏ ఆఫీసుకి వెళ్లినా కాకినాడవాడో అనంతపురంవాడో కనీసం ఒకడు తగిలేవాడు. సైటులో గొడవొస్తే "సార్, మీది ఏ బ్యాచ్?" అని ఫోను చేస్తే సగం పని అయిపోయేది. ఈ పేరు సర్టిఫికెట్ మీద సిరా కాదు బాబూ, ఫోన్‌బుక్కు.

కానీ ఒక షరతు. అమ్మాయి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఉద్యోగానికో, గేట్ అనే ఎంటెక్ ప్రవేశ పరీక్ష రాసి ప్రభుత్వరంగ సంస్థకో వెళ్తానంటేనే ఈ లెక్క. ఏఈ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. సాఫ్ట్‌వేరుకే పోయేటట్టయితే సివిల్ ఎందుకు, నాలుగేళ్లు కాంక్రీటు క్యూబులు పగలగొట్టడానికా?

ఉస్మానియా_గాలి (9:10)
సత్య నాదెళ్ల ఐఐటీలో చదవలేదు. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చేసిండు. శంతను నారాయణ్ మా ఓయూ ఇంజినీరింగ్ కాలేజీ. ఒకాయన మైక్రోసాఫ్ట్, ఇంకొకాయన అడోబీ. కాలేజీతోని ఏమైతది చెప్పుండ్రి?

బ్యాక్‌బెంచి_బాబు (9:11)
ఆరో పోస్టుకే నాదెళ్ల వచ్చేశాడు. ఈసారి లేటు.

నూజివీడు_నుంచి (9:24)
ఉస్మానియా అన్నా, ఆ ఇద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాళ్లు. నాదెళ్ల గారి నాన్న ఐఏఎస్. వాళ్లకి కాలేజీ పేరు అవసరం పడకపోవచ్చు, ఇంట్లోనే అన్నీ ఉన్నాయి. మా నాన్న మేస్త్రీ పనికి వెళ్తాడు. మా చుట్టాల్లో ఇంజినీరు అన్నవాణ్ని నేను ట్రిపుల్ ఐటీకి వచ్చాకే చూశా.

పదో తరగతి మార్కులతో సీటు. సర్కారు బడి పిల్లలకి కొన్ని పాయింట్లు కలుపుతారు కాబట్టి వచ్చింది. పదహారేళ్లకి ఇల్లు వదిలి ఆరేళ్లు అక్కడే. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చిన రోజు రాత్రి మా డార్మ్‌లో ఎవ్వరూ నిద్రపోలేదు. ఒకడు దాన్ని దుప్పట్లో చుట్టుకుని పక్కలో పెట్టుకున్నాడు. పాఠాలు గొప్పగా ఉండేవని చెప్పను, మెస్ గురించి అసలు చెప్పను. కానీ నా రూములో ఉన్న ముగ్గురూ వాళ్ల మండలం టాపర్లు. వాళ్లలో ఒకడు రాత్రి రెండింటికి కోడ్ రాస్తుంటే మనకి నిద్ర పట్టి చావదు. ఫైనలియర్‌లో మొదట వాడికి ఉద్యోగం వచ్చింది, తర్వాత వాడి రిఫరల్‌తో, అంటే లోపల్నించి వాడు చేసిన సిఫార్సుతో, నాకు. నాకు కాలేజీ చేసిన మేలు ఆ రూము నంబరు.

పల్నాటి_పిల్లోడు (9:31)
నూజివీడు తమ్ముడూ, నీ పోస్టు చదివి కాసేపు ఆగిపోయా. మా బ్యాచ్‌లో రిఫరల్ ఇవ్వగలిగిన చోటికి చేరింది ఇద్దరే. ఒకడు నేను, ఇంకొకడు నాతో మాట్లాడడు.

బ్యాక్‌బెంచి_బాబు (9:32)
అప్పు తీర్చు అన్నా, మాట్లాడతాడు.

ఎకనామిక్స్_ఏకలింగం (9:45)
నూజివీడు ఆయన చెప్పింది పరిశోధనలోనూ ఉంది. 2002లో అమెరికాలో స్టేసీ డేల్, అలెన్ క్రూగర్ అనే ఇద్దరు ఒక తమాషా పోలిక చేశారు. పెద్ద కాలేజీలో సీటు వచ్చి చేరినవాళ్లని, అలాంటి చోట సీటు వచ్చినా కావాలని మామూలు కాలేజీలో చేరినవాళ్లతో పోల్చారు. ఏళ్ల తర్వాత జీతాలు చూస్తే పెద్ద తేడా కనపడలేదు. అంటే తెలివైన పిల్ల ఎక్కడున్నా సంపాదిస్తుంది, ఆ ఘనత కాలేజీ తన ఖాతాలో వేసుకుంటుంది.

అయితే ఒక మినహాయింపు. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ వల్ల జీతం బాగానే పెరిగింది. కలెక్టరు కొడుక్కి కాలేజీ నగ లాంటిది, గుమస్తా కూతురికి నిచ్చెన. అమెరికా లెక్క మనకి అచ్చంగా అతకదు, కానీ మీ నాన్నగారి ఉద్యోగం చదివాక చెప్పకుండా ఉండలేకపోయా.

కోడ్_కోనసీమ (9:50)
బాగుంది గానీ ఏకలింగం గారూ, నిచ్చెన సివిల్ గోడకి ఆనించి ఉంటే ఎక్కి ఏం చెయ్యాలి?

హెచ్ఆర్_అక్క (10:05)
పదకొండేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నా. లోపల జరిగేది చెప్తా, నచ్చకపోతే నన్ను తిట్టకండి.

ఫ్రెషర్స్ విషయంలో కాలేజీ పేరు నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంది. రెండు రాష్ట్రాల్లో వందల కాలేజీలున్నాయి, నా టీములో నలుగురం. అన్నిటికీ ఎక్కడ తిరుగుతాం? పోయినేడు ఎక్కువమంది సెలక్టయిన చోటికే మళ్లీ వెళ్తాం. ఆ లిస్టులో లేని కాలేజీ పిల్లలకి పూల్ క్యాంపసో (చాలా కాలేజీల పిల్లలకి ఒకేచోట జరిపే ఎంపిక), టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి ఓపెన్ పరీక్షో దిక్కు. అక్కడ కూడా పది, ఇంటర్, బీటెక్ అన్నిటా అరవై శాతం అడుగుతారు. కాలేజీ పేరు అడగరు, అది మంచిదే.

ఇక మొదటి మెట్టు తేడా. అదే టీసీఎస్‌లో నింజా అనే మొదటి స్థాయి ఉద్యోగానికి ఏడాదికి 3.36 లక్షలు, డిజిటల్ అనే పై స్థాయికి ఏడు. నింజా జీతం పదేళ్లకి పైగా దాదాపు అక్కడే ఆగి ఉంది, బిర్యానీ ధర మాత్రం ఆగలేదు. తర్వాత ఏ కంపెనీకి మారినా పాత జీతం మీద ఇంత శాతం అనే లెక్క కడతారు. అంటే మొదటి రోజు తేడా మీతోపాటే నడుస్తుంది. కాలేజీ అసలు దెబ్బ అక్కడ.

ఐదేళ్లు దాటాక మేము చూసేది ఏ కంపెనీలో, ఏం పని చేశారు, నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పాత కంపెనీలో ఉండాల్సిన రోజులు) ఎంత, ఈ మూడే. పల్నాటి తమ్ముడూ, ఒకటి అడుగుతా. నోటీస్ పీరియడ్ గడిలో ఏం పెట్టావు?

పల్నాటి_పిల్లోడు (10:09)
తొంభై రోజులు. ఉన్నదే అంత అక్కా.

హెచ్ఆర్_అక్క (10:12)
టీ మరగకముందే రిజెక్ట్ వచ్చిందంటే మనిషి చూడలేదు, మిషన్ తీసేసింది. ఆ రోల్ అర్జెంటు అయితే అరవైకి మించినవాళ్లని సిస్టమే వడకట్టేస్తుంది. కాలేజీ గడి వల్లేనని ఒట్టేసి చెప్పలేవు. "నెగోషియబుల్, బైఔట్ ఉంది" (మిగిలిన రోజులకి డబ్బు కట్టి ముందే బయటపడొచ్చు) అని పెట్టి చూడు, నిజంగా ఉంటేనే.

పల్నాటి_పిల్లోడు (10:14)
ఐదేళ్లుగా కాలేజీని తిట్టుకుంటున్నా. ఇప్పుడు సగం తిట్లు వెనక్కి తీసుకోవాలా?

గేటు_గోపి (10:16)
తీసుకోవద్దు. స్టార్టప్‌ల సంగతి అక్క చెప్పలేదు. మొదటి పదిమందిని ఫౌండర్ తన హాస్టల్ వింగ్ నుంచే తెచ్చుకుంటాడు. ఉద్యోగ ప్రకటన వేసేసరికి కుర్చీలు నిండిపోయి ఉంటాయి. నేను మూడో శ్రేణి కాలేజీలో చదివి, ఒక ఏడాది ఇంట్లో కూర్చుని గేట్ రాసి, ఐఐటీలో ఎంటెక్ చేశా. స్టైపెండు నెలకి 12,400. అవే రెండేళ్లలో లింక్డిన్‌లో నా ప్రొఫైల్ చూసేవాళ్లు ఎక్కణ్నించో పుట్టుకొచ్చారు. బుర్ర పాతదే, ముద్ర కొత్తది. చెల్లికి చెప్పు, బీటెక్ పేరు శాశ్వతం కాదు. పైన ఇంకో పేరు రాసుకోవచ్చు.

ఉస్మానియా_గాలి (10:20)
గోపి భయ్యా, "బీటెక్ ఎక్కడ?" అని ఇంక ఎవ్వరు అడుగుతలేరా?

గేటు_గోపి (10:22)
పెళ్లి సంబంధాల్లో అడిగారు. ఎంటెక్ ఐఐటీ అంటే, "అది సరే బాబూ, అసలు ఐఐటీ కాదుగా" అన్నారు.

పంతులమ్మ (10:41)
ప్రైవేటు కాలేజీలో పద్నాలుగేళ్లుగా సీఎస్‌ఈ చెప్తున్నా. ఎక్కడో అడగొద్దు.

2024లో ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ, బ్రాంచిలో ఇన్నే సీట్లు అన్న పరిమితి ఎత్తేసింది. అప్పటినుంచి చాలా చోట్ల సీఎస్‌ఈ సెక్షన్లు ఎ, బి, సి దాటి పోయాయి. క్లాసులు పెరిగాయి, చెప్పేవాళ్లు అంతమంది ఎక్కడినుంచి వస్తారు? నిరుడు ఎంటెక్ అయిన పిల్ల ఈ ఏడు నా పక్క క్లాసులో మెషిన్ లెర్నింగ్ చెప్తోంది. ముందురోజు రాత్రి నాకు ఫోను చేసి అడిగి మరీ చెప్తోంది. తను మంచి పిల్లే. కానీ కోర్సు పేరు పక్కన ఏఐ అని కనబడగానే మురిసిపోకండి.

హోర్డింగు మీద "1200 ఆఫర్లు" అని ఉంటే 1200 మంది పిల్లలు అనుకుంటారు. ఒకే పిల్లకి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్క. అతి పెద్ద ప్యాకేజీ వచ్చిన అబ్బాయి ఫొటో మూడేళ్లు ఆ హోర్డింగు మీదే ఉంటుంది. ఈలోపు వాడు రెండు కంపెనీలు మారిపోతాడు.

నిజం కావాలంటే కాలేజీ వెబ్‌సైటులో ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకులు) అని వెతకండి. ర్యాంకింగుకి పంపిన డేటా పీడీఎఫ్‌గా పెట్టాలి. అందులో ఒక పట్టికలో ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకి వెళ్లారు అని వరసగా ఉంటుంది. పెద్ద ప్యాకేజీ వదిలేసి ఆ మధ్యస్థ జీతం చూడండి. ఉద్యోగం వచ్చినవాళ్లలోనే సగం మందికి అంతకన్నా తక్కువే వచ్చింది అని దానర్థం. ఆ పీడీఎఫ్ దొరకని కాలేజీ అయితే నేనేం చెప్పక్కర్లేదు.

నూజివీడు_నుంచి (10:48)
మేడం, ఈ పోస్టు పైన పిన్ చెయ్యాలి.

మోడరేటర్ (10:50)
చేశా.

డల్లాస్_డైరీ (10:58)
ఇక్కడ పదేళ్లలో నా బీటెక్ కాలేజీ గురించి అడిగింది ఒక్కడే, వాడూ మా సీనియరే. ఫ్రిస్కోలో పాట్‌లక్‌కి వెళ్తే మాత్రం ఇంకా "మీది వాసవీనా, సీబీఐటీయా?" అని అడుగుతారు. పులిహోర తింటూ.

కానీ ఇక్కడ ఎంఎస్ ఏ యూనివర్సిటీ అన్నది వేరే రకంగా కొంప ముంచుతుంది. హెచ్1బీ ఉద్యోగ వీసాల్లో ఏటా 65,000 కాకుండా అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000 ఉన్నాయి కదా. ఆ మాస్టర్స్ పబ్లిక్ లేదా లాభాపేక్ష లేని, గుర్తింపున్న యూనివర్సిటీదై ఉండాలి. లాభాల కోసం నడిపే దాంట్లో చేస్తే ఆ కోటా వర్తించదు. ఫీజు తక్కువ, అడ్మిషన్ ఈజీ అని కన్సల్టెన్సీ వాడు చెప్తాడు, ఈ ముక్క చెప్పడు. వాడికి కమీషన్ ఎటునుంచి వస్తుందో ఆలోచించండి.

2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ గొడవ పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మన తెలుగు పిల్లలే ఎక్కువమంది. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. వాళ్లలో మా ఊరి అబ్బాయి ఒకడు, తిరిగొచ్చాక పెళ్లిళ్లలో కూడా ఎవరితోనూ కలిసేవాడు కాదు. ఇప్పుడు సొంతంగా ఆక్వా మేత వ్యాపారం, బాగున్నాడు. అమెరికా మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

ఆర్ఈసీ_పాతకాపు (11:15)
అరవై దాటినవాణ్ని, ఆలస్యంగా చూశా. వరంగల్ ఆర్ఈసీ, ఇప్పటి ఎన్ఐటీ. 1959లో నెహ్రూ గారు పునాదిరాయి వేసిన కాలేజీ. మా రోజుల్లో సగం సీట్లు మన రాష్ట్రానికి, సగం బయటివాళ్లకి. నా రూమ్మేట్ బీహారీ. నాకు హిందీ రాదు, వాడికి తెలుగు రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. నాలుగేళ్లయ్యేసరికి వాడు గోంగూర అడిగి వేయించుకునేవాడు. నేను భోపాల్లో, రాంచీలో ఉద్యోగాలు చేయగలిగానంటే వాడి పుణ్యమే.

అందుకని ఒక మాట. ఇంటికి బస్సులో పోయి వచ్చే కాలేజీ, ఇంటికి దూరంగా హాస్టలున్న కాలేజీ ఒకటి కావు. దీన్ని ఎవరూ లెక్కలో వెయ్యడం లేదు. కాలేజీ బస్సు నాలుగున్నరకి బయల్దేరితే చదువూ నాలుగున్నరకే బయల్దేరుతుంది.

కోడ్_కోనసీమ (11:19)
సార్, ఇప్పుడు హాస్టల్లో పక్కవాడు బీహారీ అయినా ఇద్దరూ ఫోన్లోనే ఉంటారు. మీ రోజులు వేరు.

ఆర్ఈసీ_పాతకాపు (11:21)
అయ్యుండొచ్చు బాబూ. మా మనవడు అన్నం తింటూ కూడా ఫోనే.

గ్రూప్_వన్_గంగ (11:26)
మీ అందరి గోల సాఫ్ట్‌వేరే. సివిల్స్‌కి, గ్రూప్స్‌కి ఏ గుర్తింపున్న డిగ్రీ అయినా ఒకటే. నాది అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ. 1982లో పెట్టింది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. పగలు షాపులో అకౌంట్లు రాస్తూ చదివా. పోయినసారి ఇంటర్వ్యూకి వెళ్తే బోర్డులో ఒక సారు డిగ్రీ చూసి, "పని చేస్తూ చదివారా?" అని ఆ పని గురించే పావుగంట అడిగారు.

అయినా నిజం చెప్పాలి. ప్రిపరేషన్‌కి ఓయూ పక్కనే రూము తీసుకున్నా. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని చదివే గుంపు లేకపోతే నాకు ఎకానమీ అర్థమయ్యేది కాదు. ఫీజు కట్టలేదు, రోల్ నంబరు లేదు, కానీ ఓయూలో చదివానంటే చదివినట్టే.

ఉస్మానియా_గాలి (11:28)
గంగక్క మనోళ్లే. నీళ్ల ట్యాంకు కాడ చాయ్ నా ఖాతా.

పంతులమ్మ (11:40)
పల్నాటి బాబుకి ఇంకో సంగతి. కాకినాడ సివిల్, ప్రైవేటు సీఎస్‌ఈ ఈ రెండే అన్నట్టు అందరూ కొట్టుకుంటున్నారు. విజయనగరంలోనూ యూనివర్సిటీ కాలేజీ ఉంది, 2022 నుంచి జేఎన్‌టీయూ గురజాడ. ఐటీ, ఈసీఈ ఉన్నాయి. పేరు అంత మోగదు కాబట్టి కటాఫ్ కాకినాడంత పైన ఉండదు. నిరుటి పట్టికలో మీ కేటగిరీ, అమ్మాయిల వరస చూడండి. ఆప్షన్లు ఎన్ని పెట్టినా డబ్బులు అడగరు. పదో పన్నెండో పెట్టి ఊరుకునేవాళ్లే తర్వాత మా కౌన్సెలింగ్ డెస్కు దగ్గర ఏడుస్తారు.

పల్నాటి_పిల్లోడు (11:52)
విజయనగరం అసలు తట్టలేదు మేడం. ఇప్పుడే చెల్లికి ఈ చర్చ మొత్తం పంపించా. "చదువుతున్నా, ఫోన్ చెయ్యకు" అంది.

పల్నాటి_పిల్లోడు (మర్నాడు రాత్రి 9:35)
అప్‌డేట్. పొద్దున లేచేసరికి తనే కూర్చుని నలభై మూడు ఆప్షన్లు పెట్టేసింది. పాస్‌వర్డ్ నా దగ్గర ఉందనుకుంటున్నా, అర్ధరాత్రే మార్చేసిందట. మొదటిది విజయనగరం ఐటీ, రెండోది అక్కడే ఈసీఈ. ప్రైవేటు కాలేజీలు నాలుగింటి ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్‌లు తీసి మధ్యస్థ జీతాలు నోటుబుక్కులో రాసుకుంది. నేను చెప్పిన కాలేజీది దొరకలేదట, దాన్ని ముప్పై ఎనిమిదో నంబరుకి తోసింది. కాకినాడ సివిల్ ఆరోది. ఎందుకు ఆరోది అంటే, "సీతయ్య గారు చెప్పిన ఫోన్‌బుక్కు కోసం" అంది.

నాన్నకి చెప్తే, "విజయనగరం ఎంత దూరం?" అని అడిగి, కాసేపాగి, "రైలు ఉంటుందిగా" అన్నాడు.

సివిల్_సీతయ్య (9:41)
ఆరో స్థానమైనా గౌరవమే. అమ్మాయికి ఆశీస్సులు.

పంతులమ్మ (9:44)
మార్పులకి ఒకరోజు ఇస్తారు. అప్పుడు ఎవరు ఏం చెప్పినా వరస కదిలించొద్దని చెప్పండి. ఆప్షన్ల ప్రింటౌట్ తీసి దాచుకోండి.

హెచ్ఆర్_అక్క (9:50)
నీ సంగతేంటి తమ్ముడూ? మళ్లీ అప్లై చేశావా?

పల్నాటి_పిల్లోడు (9:58)
చేశా అక్కా. వేరే రోల్, అదే కంపెనీ. మా హెచ్ఆర్‌ని అడిగితే బైఔట్ ఉందన్నారు, అదే పెట్టా. కాలేజీ గడిలో మళ్లీ "ఇతర"నే. ఆరు గంటలైంది, ఇంకా మెయిల్ రాలేదు.

బ్యాక్‌బెంచి_బాబు (9:59)
టీ పెట్టుకోకు అన్నా.